బండ మీద పూసే మొక్కలు

సికింద్రాబాదు నుండి ఉప్పల్ వైపు వెళ్ళేటప్పుడు మెట్టుగూడ దాటిన తరువాత వచ్చే పెద్ద కూడలి తార్నాక. మన పల్లెల నుండి రాజధానికి వచ్చేవారిలో చాలామందికి ఈ పేరు కొత్తది కాదు. బిడ్డను యూనివర్సిటీలో చేర్పించడానికి ట్రంకుపెట్టెతో వచ్చిన తండ్రులు, ఆర్టీసీ ఆసుపత్రికి వచ్చిన డ్రైవర్ల, కండక్టర్ల కుటుంబాలు ఇక్కడే బస్సు దిగారు. 2017 నుండి మెట్రో రైలు కూడా ఈ కూడలి మీదుగానే పోతున్నది. ఉర్దూలో తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా ఉండే చోటు. పూర్వం ఇక్కడ ఒక తోటకు తీగ కంచె వేసి కాపలా పెట్టారని, అందువలన ఊరికి ఆ పేరు వచ్చిందని పాతవారు చెప్తారు.

తార్నాక గురించి వ్రాయమంటే ఎవరైనా పెద్ద పెద్ద సంస్థల పేర్లే చెప్తారు. జాతీయ పోషకాహార సంస్థ ఇక్కడ ఉన్నది. రసాయన సాంకేతిక సంస్థ ఇక్కడ ఉన్నది. కొంచెం ముందుకు పోతే భూభౌతిక పరిశోధన సంస్థ ఉన్నది. ఒక పక్కన ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణ ఉండనే ఉన్నది. వీటన్నిటిని గురించి పుస్తకాల్లో చదువుకోవచ్చు. నేను ఈ నెల మీకు చెప్పాలనుకున్నది మన పాదాల దగ్గర, బండరాళ్ళ సందుల్లో, జానెడు ఎత్తు కూడా లేకుండా బ్రతికే చిన్న మొక్కలను గురించి. అవి విత్తనం నుండి ఎలా మొలుస్తాయి, ఎందుకు ఒక్కోసారి మొలవవు అనే సంగతి నాకు తార్నాకలోనే బోధపడింది.

యూనివర్సిటీ నేల

ఉస్మానియా యూనివర్సిటీ 1918లో ఏర్పడింది. మొదట్లో దానికి సొంత భవనాలు లేవు, నగరంలోని ఇళ్ళలో తరగతులు జరిగేవి. ఆవరణ ఎక్కడ కట్టాలి, ఎలా కట్టాలి అని ఆలోచించేటప్పుడు నిజాం ప్రభుత్వం పాట్రిక్ గెడ్డెస్ అనే స్కాట్లండు దేశస్థుని సలహా అడిగింది. ఆయన 1923లో తన నివేదిక ఇచ్చారు. గెడ్డెస్‌ను అందరూ నగర నిర్మాణ నిపుణుడనే ఎరుగుదురు గాని, ఆయన అసలు చదువు జీవశాస్త్రం. డండీ నగరంలోని కళాశాలలో ముప్పై సంవత్సరాలు వృక్షశాస్త్ర ఆచార్యునిగా పనిచేసిన మనిషి. ఊరు కట్టాలన్నా మొక్క నాటాలన్నా ముందు ఆ చోటిని చూడాలి, అక్కడి నేలా నీరూ మనుషులూ తెలియాలి అనేది ఆయన పద్ధతి.

1934 జూలై 5న ఆవరణలో శంకుస్థాపన జరిగింది. ఆర్ట్స్ కాలేజీ భవనం 1939 డిసెంబరులో ప్రారంభమైంది. ఆ భవనం ఎదుట నిలబడి గోడను చూడండి. ఉదయపు ఎండలో రాయి లేత గులాబీ రంగులో కనిపిస్తుంది. అది గ్రానైట్ రాయి. ఆవరణలో చెట్ల మధ్య అక్కడక్కడ ఏనుగులు పడుకున్నట్టు కనిపించే గుండ్లు కూడా గ్రానైటే. హైదరాబాదు కింద ఉన్న ఈ రాయి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్తారు. హిమాలయ పర్వతాల పుట్టుకకు ఐదారు కోట్ల సంవత్సరాలే. ఆ లెక్కన చూస్తే మన గుట్టలు తాతలు, హిమాలయాలు నిన్న పుట్టిన పిల్లలు.

ఇంత పాత రాయి కూడా నిలకడగా ఉండదు. పగలు కాగి, రాత్రి చల్లబడి, దాని పైభాగం ఉల్లిపొరలాగా పెచ్చులు లేస్తుంది. పెచ్చు విరిగి గులక అవుతుంది, గులక అరిగి మొరం అవుతుంది. ఆ మొరం మీద గాలికి వచ్చిన దుమ్ము, ఎండిన నాచు, రాలిన ఆకు కలిసి పగులులో రెండు పిడికిళ్ళ మన్ను చేరుతుంది. ఆ రెండు పిడికిళ్ళే ఒక మొక్కకు ఆస్తి. వాన పడిన గంట తడి, ఎండ వచ్చిన పూట నిప్పు. అటువంటి చోట పెద్ద చెట్టు నిలవలేదు గనుక చిన్న మొక్కకు పోటీ తక్కువ.

వానాకాలం తరువాత ఆవరణలో కాలిబాట పక్కన వంగి చూడండి. నేలకు అంటుకొని నీలపు బొట్టు పెట్టినట్టున్న పువ్వు కనిపిస్తే అది విష్ణుక్రాంత. ఉదయం విచ్చుకొని మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. ఆకులు ఎండలో మాడిపోయినా నేలలో దాని వేరు మొదలు బ్రతికే ఉంటుంది, మరుసటి వానకు మళ్ళీ చిగురిస్తుంది. దాని పక్కనే వెంపలి ఉంటుంది. వెంపలి చెట్లకు నిచ్చెనలు వేసే రోజులు వస్తాయని మన పెద్దలు ఎగతాళిగా అనేవారు గదా, మనిషి మోకాలి దగ్గర ఆగిపోయే ఆ మొక్కే ఇది. వరి పండించే రైతులకు ఇది పచ్చిరొట్ట ఎరువుగా బాగా తెలుసు. పాత రాతి గోడల సందుల్లో మయూరశిఖ అనే చిన్న మొక్క ఉంటుంది. నెమలి పింఛం విప్పినట్టు ఆకు. ఎండాకాలంలో ముడుచుకొని చచ్చినట్టే ఉంటుంది, వాన తగలగానే విచ్చుకుంటుంది. దానికి పువ్వూ విత్తనమూ లేవు, ఆకు వెనుక ఉండే సన్నని పొడితోనే దాని సంతతి పెరుగుతుంది.

కొండ మీది బంధువులు

ఇటువంటి బ్రతుకే బ్రతికే మొక్కలు మంచుకొండల మీద కూడా ఉన్నాయి. హిమాలయాల్లో సుమారు మూడున్నర వేల మీటర్ల ఎత్తు దాటిన తరువాత చెట్లు పెరగవు. అక్కడ చలి, గాలి, రాయి తప్ప మరేమీ ఉండదనిపిస్తుంది. అయితే మంచు కరిగిన మూడు నాలుగు నెలల్లోనే ఆ రాళ్ళ మధ్య వందల రకాల చిన్న మొక్కలు పూస్తాయి. వీటిలో ఎక్కువ భాగం ఏటా చచ్చిపోయేవి కావు. పైన బెత్తెడు ఆకులే కనిపించినా, రాతి సందుల్లో దాని వేరు మూరెడు పొడవు ఉంటుంది. ఐరోపాలోని ఆల్ప్స్ పర్వతాల పేరు మీద వీటిని ఆల్పైన్ మొక్కలు అంటారు.

ఉత్తరాఖండ్ రాష్ట్రం చమోలీ జిల్లాలో పూల లోయ అనే చోటు ఉన్నది. 1931లో ఫ్రాంక్ స్మైత్ అనే పర్వతారోహకుడు కామెట్ శిఖరం ఎక్కి దిగివస్తూ ఈ లోయను చూశాడు. ఆయన వ్రాసిన పుస్తకం 1938లో వెలువడి లోకమంతటికీ ఆ లోయ పేరు తెలిపింది. మరుసటి సంవత్సరం జోన్ మార్గరెట్ లెగ్ అనే బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త మొక్కలు సేకరించడానికి అక్కడికి వెళ్ళింది. రాతి వాలు మీద కాలు జారి పడి మరణించింది. ఆమె సమాధి ఆ లోయలోనే ఉన్నది. ఆమె సహోదరి వచ్చి పెట్టించిన రాతి మీద 121వ కీర్తనలోని మాట చెక్కి ఉన్నది. కొండల తట్టు కన్నులెత్తే ఆ కీర్తన మన పాఠకులకు కంఠస్థమే గనుక ఇక్కడ వ్రాయడం లేదు.

ఒక చిన్న పువ్వు కోసం మనుషులు అంత దూరం పోతారా అని నేనూ అనుకున్నాను. మా ఇంట్లోనే అటువంటి మనిషి ఒకతె ఉన్నదని తరువాత తెలిసింది.

మేడ మీది మూకుళ్ళు

పోయిన సంవత్సరం మే నెలలో కంటి ఆపరేషన్ కోసం నేను తార్నాకలో పదిహేను రోజులు ఉండవలసి వచ్చింది. నా మేనకోడలు అక్కడే ఒక ఇంటి మేడ మీది గదిలో అద్దెకు ఉంటున్నది. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తి చేసి రెండు సంవత్సరాలైంది. అధ్యాపక ఉద్యోగానికి అర్హత పరీక్ష వ్రాస్తున్నది, రెండుసార్లు కొద్దిలో తప్పింది. ఉదయమంతా యూనివర్సిటీ లైబ్రరీలో చదువుకొని, సాయంత్రం ఇద్దరు పిల్లలకు ట్యూషన్ చెప్పి వస్తుంది.

ఆ మేడ మీద గోడ నీడన పది పన్నెండు మట్టి మూకుళ్ళు వరుసగా పెట్టి ఉన్నాయి. ఒక్కో దాంట్లో ఒక చీటీ గుచ్చి ఉన్నది. కొన్నిటిలో మొలకలు ఉన్నాయి, కొన్నిటిలో రాళ్ళు తప్ప ఏమీ లేవు.

"ఇవేమిటే?" అన్నాను.

"కొండ మొక్కల బడి అత్తమ్మా. హాజరు తక్కువ" అని నవ్వింది.

కాలేజీ రోజుల్లో వారిని హిమాచల్ ప్రదేశ్‌కు విజ్ఞాన యాత్రకు తీసుకుపోయారట. అక్కడ ఒక నర్సరీలో ప్రిములా అనే కొండ మొక్క విత్తనాల పొట్లం కొన్నది. జానెడు కాడ మీద ఊదారంగు పూలు బంతిలాగా గుండ్రంగా పూస్తాయి. హిమాలయాల్లో మంచు కరుగుతూనే పూసే మొక్కల్లో అది ఒకటి. మరుసటి అక్టోబరులో సగం విత్తనాలను తడి ఇసుకలో కలిపి పెరుగు డబ్బాలో పెట్టి, కింది ఇంటివారి ఫ్రిజ్‌లో ఆరు వారాలు ఉంచింది. మిగిలిన సగం నేరుగా మూకుడులో చల్లింది. డిసెంబరు ఆఖరుకు చలి తిన్న విత్తనాల నుండి పదకొండు మొలకలు వచ్చాయి. నేరుగా చల్లిన మూకుడులో ఒక్కటే వచ్చింది.

"మరి ఆ పన్నెండూ ఏవి?" అన్నాను.

"ఫిబ్రవరి దాకా బాగున్నయి అత్తమ్మా. మార్చిలో రాత్రి కూడా వేడి మొదలైంది. ఏప్రిల్‌లో ఒక్కటొక్కటే కుళ్ళిపోయినయి. పగటి ఎండ కంటే రాత్రి చల్లబడకపోవడమే వాటిని చంపింది. మొలిపించడం మన చేతిలో ఉన్నది గాని, కొండను తెచ్చి మేడ మీద పెట్టలేం గదా."

అప్పుడు నాకు పోషకాహార సంస్థ సంగతి జ్ఞాపకం వచ్చింది. అది 1918లో నీలగిరి కొండల మీద కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు ఒక గదిలో మొదలుపెట్టిన పరిశోధన. 1958లో దానిని హైదరాబాదుకు తరలించారు. కొండ మీద పుట్టిన సంస్థ తార్నాక ఎండలో మహావృక్షమైంది. సంస్థను తరలించవచ్చు. కొండ మొక్కను తరలించాలంటే దాని రాత్రులను కూడా వెంట తేవాలి.

అందుకే ఆమె ఈ ఏడు తన చోటి మొక్కల వైపు తిరిగింది. రెండు మూకుళ్ళలో వెంపలి విత్తనాలు, ఒక్కో దాంట్లో ముప్పై చొప్పున వేసింది. మొదటి మూకుడులోవి గరుకు కాగితం మీద రుద్ది, రాత్రంతా నీళ్ళలో నానబెట్టి వేసినవి. రెండవ దాంట్లోవి రాలినవి రాలినట్టే వేసినవి. మొదటి దాంట్లో ఇరవైకి పైగా మొలకలు నిలబడి ఉన్నాయి. రెండవ దాంట్లో రెండే రెండు.

నేనున్న రోజుల్లోనే మా తమ్ముడు దేవరకొండ వైపు మా ఊరి నుండి వచ్చాడు. నన్ను చూడడానికి అని చెప్పాడు గాని, బిడ్డను ఇంటికి తీసుకుపోవాలనే ఆలోచనతో వచ్చాడని నాకు తెలుసు. గది అద్దె, పరీక్ష ఫీజులు, ఊళ్ళో అడిగేవాళ్ళ మాటలు – మూడూ బరువే. సాయంత్రం మేడ మీద నిలబడి రెండవ మూకుడు చూశాడు.

"ఈ గింజలు చచ్చినయి బిడ్డా. పారబోసి వేరేవి పెట్టు."

"చావలేదు నాయనా. ఒకటి తీసి చూడు."

ఆమె ఒక గింజను మన్నులో నుండి తీసి గోరుతో గీరి చూపించింది. పైతొక్క రాయిలాగా ఉన్నది, లోపల పప్పు పచ్చగా, గట్టిగా ఉన్నది. తొక్క అరిగితే తప్ప నీళ్ళు లోపలికి పోవని, కొన్నిటి తొక్క ఈ ఎండకు అరుగుతుందని, కొన్నిటిది వచ్చే ఎండకు, కొన్నిటిది ఆపై ఎండకు అరుగుతుందని చెప్పింది.

తమ్ముడు చాలాసేపు ఆ గింజను చేతిలో పెట్టుకొని చూశాడు. నిరుడు తొలకరి నమ్మి పత్తి విత్తాడు. మొలక వచ్చాక ఇరవై రోజులు చినుకు లేదు. మళ్ళీ కొని మళ్ళీ విత్తవలసి వచ్చింది. ఆ అప్పు ఇంకా తీరలేదు.

"అన్నీ ఒక్కపారే మొలిస్తే అన్నీ ఒక్కపారే పోతయి. ఈ గింజకున్న బుద్ధి నాకు లేకపాయె గదక్కా" అన్నాడు నా వైపు తిరిగి.

ఆ రాత్రి అతడు తీసుకుపోయే మాట ఎత్తలేదు. పొద్దున పోయేటప్పుడు బిడ్డ చేతిలో ఒక నెల అద్దె పెట్టి, "వానలు పడ్డంక వస్త, ఆ రెండో మూకుడు అట్లనే ఉంచు" అని చెప్పి బస్సెక్కాడు. పరీక్ష సంగతి ఇంకా తేలలేదు. ఆమె చదువుతూనే ఉన్నది.

గడ్డుకాలమే తాళంచెవి

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన సామెత. రోళ్ళు పగిలే ఆ ఎండే వెంపలి గింజ తొక్కను కూడా పగలదీస్తుంది. పగలు కాగి, రాత్రి చల్లబడి, మళ్ళీ కాగి తొక్క మీద సన్నని నెరియ పడుతుంది. మృగశిర వానకు ఆ నెరియలో నుండి నీరు లోపలికి పోతుంది. విష్ణుక్రాంత గింజదీ ఇటువంటి గట్టి తొక్కే. మాఘమాసంలో అకాల వాన పడిందనుకోండి, ఆ గింజలు మోసపోవు. వాటి తలుపు అప్పటికి తెరుచుకోలేదు.

మంచుకొండ మొక్కది కూడా ఇదే తెలివి, కాలం మాత్రమే తలక్రిందులు. దాని విత్తనం శరత్కాలంలో రాలుతుంది. అప్పుడు నాలుగు వెచ్చని రోజులు వచ్చినా మొలవదు. మొలిస్తే వెనుక వచ్చే మంచుకు చస్తుంది. వారాల తరబడి తడి చలి తిన్న తరువాతనే లోపల మొలకను ఆపి ఉంచే పదార్థాలు తగ్గి, అది మేల్కొంటుంది. ఫ్రిజ్‌లో ఆరు వారాలు పెట్టడమంటే ఆ గింజకు శీతకాలం గడిచిందని తెలియజేయడమే. మన గింజకు ఎండాకాలం, కొండ గింజకు శీతకాలం. దేని చోట ఏది గడ్డుకాలమో, ఆ గడ్డుకాలమే దానికి తాళంచెవి. దాన్ని తప్పించి సుఖంగా దాచిపెట్టిన గింజ మొలవదు.

విత్తనం ఎంతకాలం వేచి ఉండగలదో తెలుసుకోవడానికి అమెరికాలోని మిషిగన్ వ్యవసాయ కళాశాలలో విలియం బీల్ అనే ఆచార్యుడు 1879లో ఒక పరీక్ష మొదలుపెట్టాడు. ఇరవైకి పైగా రకాల కలుపు విత్తనాలను, ఒక్కో రకానివి 50 చొప్పున ఇసుకలో కలిపి, 20 సీసాల్లో నింపి కళాశాల నేలలో పాతిపెట్టాడు. కొన్నేళ్ళకు ఒక సీసా చొప్పున తీసి విత్తుతున్నారు. 2021లో తీసిన సీసాలోని విత్తనాలు కూడా కొన్ని మొలిచాయి. అప్పటికి 142 సంవత్సరాలు. యూదయ దేశంలోని మసాదా కోట శిథిలాల్లో దొరికిన, సుమారు రెండు వేల సంవత్సరాల నాటి ఖర్జూరపు గింజను 2005లో ఇశ్రాయేలు శాస్త్రజ్ఞులు మొలిపించారు. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, మొలకకు బలమిచ్చే మందులు ఇచ్చి, కుండలో పెట్టారు. మొక్క లేచింది.

అయితే అన్ని విత్తనాలూ ఇలా ఆగవు. మన గుట్టల మీద గొర్రెల కాపరులు పచ్చడికి ఏరుకొచ్చే కుందేటి కొమ్ములు ఎరుగుదురు గదా. దాని కాయ పగిలితే జిల్లేడు గింజలాగా దూదిపింజతో గింజలు ఎగిరిపోతాయి. ఆ గింజలకు నిద్ర లేదు. తడి తగిలితే కొద్దిరోజుల్లోనే మొలుస్తాయి, దాచిపెడితే శక్తి పోతుంది. నక్కవుల్లిగడ్డ గింజ కూడా తాజాగా ఉన్నప్పుడే వేయాలి. నిలబడి వేచి చూసేది ఒకటి, వెంటనే దారి పట్టేది ఒకటి. రెండింటినీ ఒకే తూకంలో తూచకూడదు.

విత్తువాని ఉపమానంలో రాతి నేల మీద పడిన విత్తనాలు మన్ను లోతు లేనందున వెంటనే మొలిచాయి, ఎండకు మాడిపోయాయి. చిన్నప్పటి నుండి ఆ మాట వింటున్నాను గాని, వెంటనే మొలవడమే అక్కడి ప్రమాదమని మూకుళ్ళు చూసిన తరువాతనే నా దృష్టికి వచ్చింది. రాతి మీద బ్రతకడం నేర్చిన మొక్కలు తొందరపడవు. ఒక వెంపలి మొలకను మేనకోడలు మన్నుతో సహా తీసి చూపించింది. పైన రెండు మూడు ఆకులు, కింద వేరు దానికి నాలుగింతలు పొడవు. అది ముందు వేరు పోసుకొని తరువాత ఆకు వేస్తుంది. చూసేవారికి చాలా రోజులు ఎదుగుదల లేనట్టే ఉంటుంది.

మీ ఇంట్లో చేసి చూడండి

దీనికి డబ్బు అక్కరలేదు. వెడల్పాటి మట్టి మూకుడు ఒకటి తీసుకొని అడుగున రెండు మూడు చిల్లులు పెట్టండి. చిల్లుల మీద పెంకులు పరచండి. రెండు వంతులు మొరం లేక ముతక ఇసుక, ఒక వంతు ఎర్రమన్ను, ఒక వంతు బాగా మాగి జల్లెడ పట్టిన ఆకు ఎరువు కలిపి నింపండి. పచ్చి పేడ వేయవద్దు. చెల్క నేల ఉన్నవారికి సగం పని అయినట్టే.

వెంపలి, విష్ణుక్రాంత వంటి గట్టి గింజలను ముతక ఇసుకతో కలిపి రెండు అరచేతుల మధ్య గట్టిగా రుద్దండి. లేక కాచి దించిన నీళ్ళను రెండు నిమిషాలు ఆరనిచ్చి గింజల మీద పోసి రాత్రంతా ఉంచండి. తెల్లవారేసరికి ఉబ్బిన గింజలు నీరు త్రాగినట్టు. ఉబ్బనివాటిని మళ్ళీ రుద్దండి. గింజ ఎంత లావుంటే అంత మన్ను మాత్రమే పైన కప్పాలి. పొడిలాగా సన్నగా ఉండే ప్రిములా వంటి విత్తనాలకు వెలుతురు కావాలి గనుక పైన మన్ను కప్పనే కూడదు. చివరకు చిన్న కంకర పలుచగా పరిస్తే తడి ఆరదు, వాన దెబ్బకు గింజ కదలదు, మొలక మెడ దగ్గర కుళ్ళదు.

నీళ్ళు పైనుండి గుమ్మరించవద్దు. ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి మూకుడును అందులో కాసేపు ఉంచితే కింది నుండి తడి పైకి ఎక్కుతుంది. పైన కంకర రంగు మారగానే తీసివేయండి. ఎక్కువ తడి ఉంటే నారుమళ్ళలో వచ్చే నారుకుళ్ళు తెగులే ఇక్కడా వస్తుంది. చీమలు గింజలు మోసుకుపోకుండా మూకుడును నీళ్ళ మధ్య ఒక ఇటుక మీద పెట్టండి. మొలకకు నాలుగు ఆకులు వచ్చేదాకా మధ్యాహ్నపు ఎండ తగలనీయవద్దు. నక్కవుల్లిగడ్డ విషం, పశువులకూ పిల్లలకూ అందకుండా చూసుకోవాలి.

కొండ గింజ చలి తినడం పిల్లలకు చూపించాలంటే ఒక ఆపిల్ పండు చాలు. లోపలి గింజలను కడిగి, తడి ఇసుకలో కలిపి, మూత ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో రెండు మూడు నెలలు ఉంచండి. గడ్డ కట్టే అరలో పెట్టకూడదు. తరువాత తీసి మూకుడులో వేస్తే కొన్నయినా మొలుస్తాయి. మన ఎండలో ఆ చెట్టు కాయకపోవచ్చు. అయినా గింజ శీతకాలాన్ని లెక్కపెట్టుకుంటుందని పిల్లలు తమ కళ్ళతో చూస్తారు.

ఒక్క మనవి. ఇష్టం కొద్దీ గుట్ట మీది మొక్కను వేరుతో పెకిలించి తేవద్దు. పగులులో రెండు పిడికిళ్ళ మన్ను చేరడానికి ఎన్ని తరాలు పట్టిందో తెలియదు. పండిన కాయలు నాలుగు కోసుకొని, మిగిలినవి అక్కడే వదలండి.

మిగిలిన బండలు

హైదరాబాదు చుట్టూ ఒకప్పుడు లెక్కలేనన్ని గుండ్లు ఉండేవి. ఇళ్ళకు, రోడ్లకు, కంకరకు చాలా గుండ్లు పగిలిపోయాయి. 1996లో నగరంలో కొందరు కలిసి రాళ్ళను కాపాడే సంఘం ఒకటి పెట్టుకున్నారు. రాళ్ళను కాపాడడమేమిటని మొదట నవ్వుకున్నవారు ఉండవచ్చు. రాయి పోతే దాని పగులులో ఉన్న మన్ను పోతుంది, మన్నుతో పాటు అందులో ఏళ్ళ తరబడి తమ వంతు కోసం పడుకొని ఉన్న గింజలు కూడా పోతాయి. పైన ఒక్క ఆకు కనిపించని చోట లోపల ఎన్ని ఉన్నాయో మనకు తెలియదు. యూనివర్సిటీ ఆవరణ ఇంకా కొన్ని బండలను నిలుపుకొని ఉన్నది గనుక, నగరం నడిబొడ్డున కూడా విష్ణుక్రాంత పూస్తున్నది.

మీలో ఎవరైనా బిడ్డలను చూడడానికి అక్కడికి వెళ్తే, ఆర్ట్స్ కాలేజీ భవనం చూసిన తరువాత అరగంట సమయం మిగుల్చుకోండి. తెల్లవారి ఎనిమిది తొమ్మిది గంటల మధ్య అయితే మంచిది, ఆ వేళ నీలపు పూలు విచ్చుకొని ఉంటాయి. వర్షాలు వెనుకబట్టిన తరువాత, సెప్టెంబరు నుండి డిసెంబరు వరకు పోవచ్చు. చెప్పులు విడిచి బండ మీద కూర్చొని, పగులులోకి వంగి చూడండి. మీ బిడ్డను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. పరీక్షల మాట ఆ అరగంట అడగవద్దు.